సిపాయి మూట, బీదరు జస్తా

పోయిన నెల మన సంఘం సమావేశం జరుగుతూ ఉండగా కరెంటు పోయినది. వానకాలం ముందు గాలి లేచిందంటే మన ఊళ్లో ఇది కొత్త సంగతి కాదు. మేము ధీమాగా లేచి, బీరువాలో దాచిన టార్చిలైటు తీసి మీట నొక్కినాము. వెలగలేదు. మూత విప్పి చూస్తే లోపల సెల్లులు పొంగి, తెల్లటి పొడి కక్కి, గొట్టానికి అంటుకుపోయి ఉన్నవి. తప్పు మాదే. నిరుడు వేసిన సెల్లులను మరిచిపోయి అట్లాగే వదిలిపెట్టినాము.

చీకట్లో అందరూ నవ్వినారు గాని మన సుబేదారు బాబాయి మాత్రం నవ్వలేదు. సైన్యంలో సిగ్నల్స్ శాఖలో పనిచేసి రిటైరై వచ్చిన మనిషి. జహీరాబాదు వైపు నుంచి తాతల నాడే ఇక్కడికి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆయన మా చేతిలోనుంచి టార్చి తీసుకొని, ఆ పొడిని వేలితో తడిమి, “ఇది ఇంట్ల అయింది గనుక నవ్వుతున్నరు బిడ్డా. మంచుకొండ మీద అయితే నవ్వు రాదు” అన్నాడు.

కరెంటు వచ్చేలోగా ఆయన చెప్పిన కథనే ఈ నెల పాఠకులకు విన్నవిస్తున్నాము.

ఆయన ఎత్తయిన హిమాలయ శిబిరాలలో పనిచేసిన రోజులవి. వీపున రేడియో, దానికి బ్యాటరీ, పైగా మారు బ్యాటరీలు. “తుపాకి బరువు తెలుస్తది, నీళ్ల బరువు తెలుస్తది. బ్యాటరీ బరువు మాత్రం మోసినోనికే తెలుస్తది. ఎందుకంటే ఖాళీ అయినా బరువు తగ్గదు. నీళ్లు తాగితే మూట తేలికైతది. ఇది అట్ల కాదు” అన్నాడు. ఒక రాత్రి జతగాడికి ఊపిరి అందని జబ్బు చేసింది. ఆ ఎత్తులో ఇది ప్రాణం మీదికి వచ్చే జబ్బు. కింది శిబిరానికి కబురు పెడదామంటే రేడియో మూగబోయినది. బ్యాటరీ అయిపోలేదు, చలికి బిగిసింది, అంతే. బాబాయి కోటు లోపల, గుండె దగ్గర ఒక మారు బ్యాటరీ దాచి ఉంచుకొన్నాడు. దానిని తీసి తగిలించగా రెండు నిమిషాలు మాట కలిసింది. ఆ రెండు నిమిషాలే చాలినవి. తెల్లవారి హెలికాప్టరు వచ్చింది. జతగాడు బతికినాడు.

“ఒంటి వేడితోని బ్యాటరీని బతికించినం, బ్యాటరీ మమ్మల్ని బతికించింది” అని ముగించినాడు బాబాయి. అప్పటికి కరెంటు వచ్చినది. మా చేతిలో ఆ చచ్చిన సెల్లులు అట్లాగే ఉన్నవి.

ఇంటికి వచ్చిన తరువాత కూడా ఆ మాట మమ్మల్ని వదలలేదు. ఇంత విజ్ఞానం పెరిగిన రోజుల్లో సిపాయి వీపు మీద తేలికగా ఇమిడే విద్యుత్తు ఎందుకు దొరకదు? దొరుకుతుంటే ఎక్కడిదాకా వచ్చింది? నాలుగు పుస్తకాలు తిరగవేసి చూడగా, ఈ కథకు మొదలు మన బీదరు బజారులోనే కనిపించినది. అతిశయోక్తి అనుకోకండి. చెబుతాము, వినండి.

మన ఊరి బిద్రీ పని అందరికీ తెలిసినదే. పెండ్లికి బిద్రీ పూలకుండీ కానుక ఇవ్వని ఇల్లు మన సంఘంలో ఉండదేమో. 2006లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఈ ఊరి పనివారు షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా మన ఇంటివారికి వచ్చినట్లే సంతోషించినాము. ఆ పనిలో దినుసులేమిటి? ఎక్కువ పాలు జస్తా, కొద్దిగా రాగి. పైన పొదిగేది వెండి. చివర నలుపు తేల్చడానికి కోటలో ఎండ వాన తగలని చోటి మట్టి, దానిలో నవాసాగరం. బజారులో ఉర్దూ పేరుతో నౌషాదర్ అని అడుగుతాము. ఆ ముద్దను వేడి చేసిన పాత్ర మీద రుద్దితే జస్తా నల్లబడుతుంది. వెండి మాత్రం తెల్లగా మెరుస్తూ ఉండిపోతుంది. ఒకే మందు తగిలి ఒక లోహం మారిపోవడం, పక్కనే ఉన్న ఇంకొక లోహం చలించకపోవడం బిద్రీ అందానికి మూలం.

బ్యాటరీకి మూలం కూడా సరిగ్గా ఇదే. తొందరగా కరిగే లోహం ఒకటి, కరగని పదార్థం ఇంకొకటి, మధ్య ఒక ఉప్పునీరు. ఇటలీ పండితుడు వోల్టా 1800 మార్చి 20వ తేదీన లండనులోని రాయల్ సొసైటీకి ఒక ఉత్తరం వ్రాసినాడు. వెండి బిళ్ల, జస్తా బిళ్ల, మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్ట. ఇట్లా ఒకదానిమీద ఒకటి దొంతరగా పేర్చితే ఎడతెగని విద్యుత్ ప్రవాహం పుడుతున్నదని అందులో తెలియజేసినాడు. లోకంలో మొదటి బ్యాటరీ అదే. వెండి, జస్తా! మన పనివారి బల్ల మీద తరతరాలుగా పక్కపక్కన కూర్చున్న జంట.

తరువాత 1866లో ఫ్రాన్సు దేశానికి చెందిన లెక్లాంషే అనే ఇంజనీరు చౌకైన దారి కనిపెట్టినాడు. వెండి తీసేసి బొగ్గు కడ్డీ, మాంగనీసు పొడి పెట్టినాడు. జస్తాను ఉంచినాడు. నీటిలో కలిపినదేమిటనుకొన్నారు? నవాసాగరమే. ఇరవై ఏండ్లకు జర్మనీలో గాస్నర్ ఆ ద్రవాన్ని ముద్దగా చేసి జస్తా డబ్బాలో మూసినాడు. అదే మన టార్చి సెల్లు. కోట మట్టిలోని నవాసాగరం బిద్రీ పాత్ర పైపొరను కొరికితే నలుపు వస్తుంది. సెల్లులోని నవాసాగరం జస్తా డబ్బాను కొరికితే వెలుగు వస్తుంది. మేము మరిచిపోయిన సెల్లులో ఆ కొరుకుడు ఆగక డబ్బాకే చిల్లు పడినది. మా బీరువాలో జరిగిన అనర్థానికి కారణం ఇదన్నమాట.

ఇక యుద్ధరంగానికి వద్దాము. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సిపాయిలు వీపున మోసిన రేడియో పెట్టె బరువు దాదాపు 16 కిలోలు. అందులో చాలా పాలు బ్యాటరీదే. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి వచ్చినది. శీతల దేశాల్లో బాగా పనిచేసిన టార్చి సెల్లులు ఉష్ణదేశాల యుద్ధరంగాలకు చేరేసరికి వేడికి, చెమ్మకు దారిలోనే చచ్చిపోయేవి. సైన్యం గోల పెట్టగా 1942 ప్రాంతంలో శామ్యూల్ రూబెన్ అనే శాస్త్రజ్ఞుడు జస్తాకు జతగా పాదరసపు భస్మాన్ని పెట్టి, చిన్నది, గట్టిది అయిన సెల్లు చేసినాడు. మేలోరీ కంపెనీ దానిని తయారు చేసింది. నేడు డ్యురాసెల్ అనే పేరు విననివారు లేరు. ఆ పేరు ఆ ఇంటినుంచి వచ్చినదే. పాదరసం విషమని తెలిసి తరువాతి కాలంలో ఆ రకాన్ని దేశాలు వదిలివేసినవి. కాని మన గోడగడియారంలో, పిల్లల బొమ్మలో ఉండే చిన్న సెల్లుల వెనుక ఒక సిపాయి అవసరం ఉన్నదని మాత్రం మరువరాదు.

వెండి, జస్తా జంట ఏమైనదో కూడా చెప్పవలె. ఖరీదు ఎక్కువ గనుక ఇళ్లలోకి రాలేదు. బరువు తక్కువగా ఉండి తీరవలసిన చోటికి పోయినది. 1957 అక్టోబరు 4న రష్యావారు ఎగురవేసిన స్పుత్నిక్ మొత్తం బరువు 83.6 కిలోలు. అందులో 51 కిలోలు వెండి-జస్తా బ్యాటరీలే. మూడు వారాల పాటు ఆకాశంనుంచి వినిపించిన ఆ బీప్ బీప్ ధ్వనికి ఊపిరి పోసినవి అవే. జలాంతర్గాములు ప్రయోగించే టార్పెడోలలో కూడా ఈ జంటనే వాడుతూ వచ్చినారు.

ఇప్పుడు కొంచెం లెక్క వేద్దాము. ఇంటి లెక్కలు చూసుకొనే అమ్మలకు ఇది తేలికే. నేటి సిపాయికి రేడియో ఒక్కటే కాదు. చీకట్లో చూసే అద్దాలు, దారి చెప్పే పరికరం, గురి చూపే దీపం, చిన్న కంప్యూటరు కూడా ఉంటవి. అన్నీ తిండి అడిగేవే. 2008 అక్టోబరులో అమెరికా రక్షణశాఖ కాలిఫోర్నియా ఎడారిలో ఒక పందెం పెట్టినది. సగటున 20 వాట్ల విద్యుత్తు 96 గంటల పాటు ఇవ్వవలె, మొత్తం బరువు 4 కిలోలు మించరాదు, సిపాయి చొక్కాకు తగిలించుకొనేట్లు ఉండవలె. మొదటి బహుమతి పది లక్షల డాలర్లు.

20ని 96తో గుణిస్తే 1920. అంటే సుమారు రెండు యూనిట్ల కరెంటు. మన ఇంట్లో రెండు యూనిట్లంటే మీటరు వైపు తిరిగి చూడము కూడా. కాని వీపున మోయవలెనంటే? మోటారు కారులో ఉండే సీసపు బ్యాటరీతో అయితే 55 కిలోల దాకా అవుతుంది, అంటే సిపాయి ఇంకొక మనిషిని మోసినట్లే. నికెల్-కాడ్మియం రకంతో 40 కిలోలకు దగ్గర. వెండి-జస్తాతో సుమారు 16. నేటి సెల్‌ఫోనులో ఉండే లిథియం రకంతో పది కిలోలకు అటూ ఇటూ. పందెం అడిగినదేమో నాలుగు! మామూలు బ్యాటరీ ఏదీ అందుకోలేని గీత గీసి, దూకమన్నారన్నమాట.

గెలిచినది ఎవరు? డ్యూపాంట్ కంపెనీ, జర్మనీకి చెందిన ఎస్.ఎఫ్.సి. కంపెనీ కలిసి చేసిన పరికరం. అది ఒక పొయ్యి లాంటిది. పొయ్యి అన్నామని మంట ఉంటుందనుకోకండి. మిథనాల్ అనే సారా వంటి ద్రవాన్ని గాలితో కలిపి, మంట లేకుండానే, ఒక పొర మీదుగా నేరుగా విద్యుత్తుగా మారుస్తుంది. బ్యాటరీలో దినుసంతా ముందే నింపి మోయవలె. ఇందులో సగం సరుకు గాలిలోనే దొరుకుతుంది గనుక మోయనక్కర లేదు. ద్రవం అయిపోయిన కొద్దీ మూట తేలికవుతుంది. మన బాబాయి చెప్పిన నీళ్ల లెక్కే ఇది. తాగితే బరువు తగ్గవలె.

గాలిని వాడుకొనే తెలివి జస్తాకు కూడా ఉన్నది. జస్తా పొడి ఒక పక్క, గాలిని పీల్చే రంధ్రాలు మరొక పక్క. మన ఇళ్లలో పెద్దల చెవియంత్రంలో వేసే, కాగితపు బిళ్ల పీకి పెట్టే చిన్న సెల్లు ఇదే రకం. బిళ్ల పీకగానే గాలి తగిలి మేలుకొంటుంది. ఇదే పద్ధతిలో పెద్దవి చేసి అమెరికా సైన్యానికి ఇచ్చినారు. చాలా తేలిక. కాని ఒకసారి అయిపోతే తిరిగి నింపడం కష్టం, నీటిలో మునిగితే ఊపిరాడదు.

ఇంకొక దారి సూర్యుడు. చాప చుట్టినట్లు చుట్టే సౌరఫలకాలు వచ్చినవి. పగలు పరచి బ్యాటరీ నింపుకోవచ్చు. కాని మబ్బు పట్టినా, మంచు కురిసినా ఉపవాసమే. పైగా గస్తీలో దాగి ఉన్నవాడు మెరిసే చాప పరచి కూర్చోగలడా? మరొక దారి నడక. కెనడాలో సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం వారు 2008లో మోకాలికి కట్టుకొనే యంత్రం చేసినారు. కాలు ముందుకు విసిరి ఆపే క్షణంలో వృథా అయ్యే శక్తిని పట్టుకొంటే రెండు కాళ్లకు కలిపి అయిదు వాట్లు వచ్చినవి. ముచ్చటైన పనే. కాని కట్టుకొన్న యంత్రం బరువు కూడా కాలే మోయవలె.

అందుచేత చివరకు నేటికి రాజ్యం లిథియందే. ఆ విద్యకు పునాది వేసిన గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినో గార్లకు 2019లో నోబెల్ బహుమానం వచ్చినది. లోహాలన్నిటిలో తేలికైనది లిథియమే. అయితే దానికీ గ్రహచారాలున్నవి. సున్నా డిగ్రీల కిందికి పోతే ఇచ్చే శక్తి తగ్గుతుంది. ఆ చలిలో ఛార్జి పెడితే లోపల లిథియం లోహం పేరుకొని ప్రమాదానికి దారి తీస్తుంది. తూటా దిగితే మండవచ్చు. సియాచిన్ వంటి చోట చలి సున్నాకు 50 డిగ్రీల కిందికి పోతుంది. అక్కడ మన సైన్యం 1984 ఏప్రిల్ 13 నుంచి కాపలా కాస్తున్నది. తేలిక ఒక్కటే చాలదు, చలికి తట్టుకోవలె, నిప్పుకు జడవకూడదు, సిపాయి మొద్దు చేతి తొడుగులతో తగిలించగలగవలె. పరిశోధనశాలలో గెలిచినది కొండ మీద గెలవకపోవడానికి కారణం ఇదే.

సరఫరా సంగతి కూడా చెప్పుకోవలె. 2003లో ఇరాకు యుద్ధంలో అమెరికా అంతటి దేశానికి సైనిక రేడియోల బ్యాటరీలు అయిపోవచ్చినవి. తూటాలు నిండుగా ఉన్నవి, బ్యాటరీలు లేవు. యుద్ధం మరికొన్నాళ్లు సాగి ఉంటే ఏమయ్యేదో అని తరువాత వారే విచారణలు జరుపుకొన్నారు. ఇంకొకరి కర్మాగారం మీద ఆధారపడితే, ఆ దారి మూసుకొన్ననాడు సిపాయి మూగవాడవుతాడు.

ఆ విషయంలో మన తెలుగువారి పాలు తక్కువేమీ కాదు. మన బీదరుకు మూడు గంటల దారిలో ఉన్న హైదరాబాదులో 1977లో హైదరాబాద్ బ్యాటరీస్ అనే పేరుతో మొదలై, నేడు హెచ్.బి.ఎల్. అని పిలువబడే సంస్థ విమానాలకు నికెల్-కాడ్మియం బ్యాటరీలను, టార్పెడోలకు వెండి-జస్తా బ్యాటరీలను మనదేశంలోనే చేస్తున్నది. నెల్లూరులో చేసిన నిప్పో సెల్లులు మన ఇళ్లలో ఎన్ని టార్చిలను, రేడియోలను వెలిగించినవో లెక్కలేదు. తిరుపతి కేంద్రంగా 1985లో పుట్టిన అమరరాజా సంస్థ సీసపు బ్యాటరీలతో మొదలుపెట్టి, 2023 మే నెలలో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్లుల కర్మాగారానికి శంకుస్థాపన చేసింది. ఊరి పేరులోనే దివిటీ ఉండడం మాకు ముచ్చటగా తోచినది. తమిళనాడులోని కారైకుడిలో స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే స్థాపించిన విద్యుత్ రసాయన పరిశోధనాలయం ఈ విద్యకు దేశంలో పెద్దబడి.

ఇదంతా మనకెందుకు అని ఏ పాఠకుడైనా అడుగవచ్చు. మన ఊరి మీద ఉదయాన వినిపించే హాక్ విమానాల హోరు చాలు జవాబుకు. వైమానిక దళంలో పిల్లలు ఇక్కడ శిక్షణ పొంది సరిహద్దులకు పోతున్నారు. మన ఇళ్లలోంచీ పోయినవారున్నారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో నేలకొరిగిన కల్నల్ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. ఆయన పోయిన నాడు మన సంఘంలో దీపం వెలిగించి మౌనం పాటించినాము. ఆ కొండల మీద ప్రతి కిలో ఒక ప్రశ్న. ఒక కిలో బ్యాటరీ తగ్గితే ఒక కిలో నీరు గాని, మందులు గాని, తూటాలు గాని ఎక్కువ పట్టుకుపోవచ్చు. లేదా ఏమీ పట్టుకుపోకుండా ఒక కిలో తక్కువ ఆయాసపడవచ్చు. ఆ ఎత్తులో అది కూడా తక్కువ లాభం కాదు.

పాఠకులకు మా మనవి రెండు మాటలు. మొదటిది, చచ్చిన సెల్లులను చెత్తకుప్పలో, పొలం గట్టున పారవేయకండి. తయారుచేసినవారే తిరిగి తీసుకోవలెనని 2022లో కేంద్రప్రభుత్వం నియమాలు చేసినది. ఆ సెల్లుల్లో జస్తా ఉన్నది, ఫోను బ్యాటరీల్లో లిథియం, కోబాల్టు ఉన్నవి. మన దేశానికి కరవైన దినుసును మనమే మట్టిపాలు చేయడం మంచిది కాదు. మన సంఘం గుమ్మం దగ్గర ఒక డబ్బా పెట్టినాము. అందులో వేయండి. మొదటగా మావే వేసినాము.

రెండవది, ఇంజనీరింగు అంటే కంప్యూటరు ఒక్కటే అనుకొంటున్న మన పిల్లలను ఒక్క ఆదివారం బిద్రీ పనివారి దుకాణానికి తీసుకుపోండి. జస్తా కరిగించడం, వెండి తీగ పొదగడం, నవాసాగరం కలిపిన మట్టితో నలుపు తేల్చడం చూపించండి. తరువాత ఒక నిమ్మకాయకు జస్తా మేకు, రాగి తీగ గుచ్చి, విద్యుత్తు ఎట్లా పుడుతుందో ఇంట్లో చూపండి. ఇట్లా నాలుగైదు కాయలు వరుసగా కలిపితే చిన్న ఎర్రదీపం వెలుగుతుంది. రేపు తేలికైన బ్యాటరీ కనిపెట్టేవాడు ఆ నిమ్మకాయ ముందు కూర్చున్న పిల్లవాడే కావచ్చు, పిల్లే కావచ్చు.

ఈ వ్యాసం అచ్చుకు పంపే ముందు బాబాయికి చదివి వినిపించినాము. అంతా విని, “నాలుగు కిలోలా? అంతటికి దిగిందా?” అని కాసేపు మాట్లాడలేదు. ఆయన చేయి తెలియకుండానే చొక్కా లోపల, గుండె దగ్గరికి పోయినది. తరువాత లేచి, మా టార్చిలో కొత్త సెల్లులు తానే వేసి, మీట నొక్కి చూసి, “పండుగకు పండుగకు మార్చుండ్రి. మరువకుండ్రి” అని చెప్పి వెళ్లినాడు.